రన్నింగ్ షూ రెండు జతలు మార్చి మార్చి వాడటం ఎలా, పాత జత ఎప్పుడు తీసేయాలి

“అడుగున గీతలు ఇంకా అరగలేదండి, పైన గుడ్డ చిరగలేదు, అప్పుడే కొత్త జత దేనికి?” కాకినాడ బీచ్ రోడ్డు మీద పొద్దున్నే పరుగెత్తే ఉద్యోగస్తులు అడిగేది ఇదే. కోనసీమలో కాలువ గట్టు పట్టుకుని వెళ్ళేవాళ్ళు అడిగేదీ ఇదే. కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం భీమవరం, తణుకు గ్రౌండ్లలో 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే పిల్లలు అడిగేదీ ఇదే. దాని వెనకాలే ఇంకోటి: “ఒక జతకే డబ్బులు చాలక చస్తుంటే మీరు రెండంటారేంటండీ?” విడివిడిగా చెప్పే బదులు రెండింటికీ కలిపి రాసేస్తున్నాను, మీ షూ పక్కన పెట్టుకుని చదవండి, మధ్యలో వాటిని చేతిలోకి తీసుకోవాల్సి వస్తుంది.

షూ పని అయిపోయిందో లేదో అడుగు రబ్బరు చెప్పదు. రబ్బరుకీ పైన గుడ్డకీ మధ్య మందంగా కనిపిస్తుందే ఫోమ్, అది చెబుతుంది. పాత దూది పరుపు ఎలాగో ఇదీ అలాగే, పైన దుప్పటి ఎంత కొత్తదైనా లోపల దూది అణిగిపోయాక నడుం నొప్పి తప్పదు. ఇంకో సంగతి, మన డెల్టాలో షూని కిలోమీటర్ల కంటే తడి ఎక్కువ పాడుచేస్తుంది. చెమట, తెల్లవారుజాము మంచు, గట్టు మీద గడ్డి, వాన, వీటికి తోడు ఆరనివ్వని ఉక్క. రెండు జతలు కావాలనేది అందుకే, గొప్ప కోసం కాదు.

డబ్బు లెక్క కూడా చూసేద్దాం. మామూలు ట్రైనింగ్ షూ 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తుందని అంటారు. మధ్యలో 600 అనుకోండి. మీరు వారానికి 25 కిలోమీటర్లు పరుగెత్తితే ఒక జత 24 వారాలు. రెండు జతలు మార్చి మార్చి వాడితే 48 వారాలు. ఏడాదికి అటూఇటూగా రెండు జతలే, ఎలా వాడినా. తేడా ఏమిటంటే రెండోదాన్ని కొన్ని నెలలు ముందు కొంటున్నారు, అంతే. పైగా రెండూ బాగా ఆరుతాయి కాబట్టి గుడ్డ, జిగురు ఇంకొంచెం ఎక్కువ కాలం నిలుస్తాయి.

కావలసినవి

- ఇప్పుడు వాడుతున్న జత, ఇంకొన్నాళ్ళలో కొనబోయే జత
- చెరగని మార్కర్ పెన్ను
- కిలోమీటర్లు రాసుకోవడానికి ఏదో ఒకటి. స్ట్రావా, గార్మిన్ లాంటి యాప్‌లలో షూ పేరు పెట్టుకుంటే అవే కూడుకుంటాయి. లేదంటే వంటింట్లో పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ చాలు
- పాత న్యూస్ పేపర్లు, బాగానే కావాలి
- పాత టూత్ బ్రష్, కొంచెం షాంపూ
- ఫ్యాను
- వంటింటి చిన్న కాటా ఉంటే మంచిది, లేకపోయినా పర్లేదు

1. ఉన్న జత వయసు లెక్కకట్టండి

కొన్న నెల గుర్తు తెచ్చుకోండి, ఆన్‌లైన్‌లో కొంటే ఆర్డర్ల లిస్టులో తేదీ దొరుకుతుంది. అక్కడి నుంచి ఎన్ని వారాలో చూసి, వారానికి సగటున ఎన్ని కిలోమీటర్లు వెళ్ళారో దానితో గుణించండి. పరుగు మానేసిన పండగలు, పెళ్ళిళ్ళు, తుఫాను రోజులు తీసేయండి. ఆ షూ వేసుకుని కాలేజీకి, సంతకి, వాలీబాల్‌కి కూడా వెళ్ళారా? అయితే వచ్చిన అంకెకి ఇంకో పాతిక శాతం కలపండి. ఇది శాస్త్రం కాదు, అంచనా, కానీ ఏమీ లేకుండా ఊహించడం కంటే నయం.

ఇప్పటి నుంచి కొన్న ప్రతి జతకీ నాలుక (లేసుల కింద ఉండే మెత్తటి గుడ్డ పట్టీ) లోపలి వైపు మార్కర్‌తో మొదటి పరుగు తేదీ రాయండి. బయట రాయకండి, వానకి పోతుంది.

500 అనేది ఎవరికి, 800 ఎవరికి అంటే: బరువు ఎక్కువున్నవాళ్ళు, ఊళ్ళో సీసీ రోడ్ల మీదే పరుగెత్తేవాళ్ళు, కాలు ఈడ్చి వేసేవాళ్ళు కింది అంకె చూసుకోవాలి. సన్నగా ఉండి మట్టి గ్రౌండ్‌లో పరుగెత్తేవాళ్ళకి పైది దాటినా ఆశ్చర్యం లేదు. పల్చగా తేలిగ్గా ఉండే రేసు షూలు మాత్రం 500 దాకా కూడా రాకపోవచ్చు, వాటిని రోజూ వేయకండి.

2. షూని పరీక్ష చేయండి

కిలోమీటర్ల లెక్క అనుమానం మాత్రమే పుట్టిస్తుంది. రుజువు కావాలంటే ఇవి చేయండి, మొత్తం పది నిమిషాల పని.

బల్ల మీద పెట్టి చూడటం. రెండు షూలూ తుడిచి, బల్ల మీద పక్కపక్కన పెట్టి, వెనక నుంచి కళ్ళు బల్ల ఎత్తుకి వచ్చేలా కూర్చుని చూడండి. మడమ వెనక మధ్య గీత నిలువుగా ఉండాలి. లోపలికో బయటికో ఒరిగి ఉంటే ఫోమ్ ఒక వైపు కూలిందన్నమాట. ఫోన్‌తో ఫొటో తీయండి, కంటికి తెలియని వంపు ఫొటోలో తెలుస్తుంది. ఒకవేళ ఒక్క కాలి షూ మాత్రమే ఒరిగితే మీరు పరుగెత్తే రోడ్డుని ఒకసారి చూసుకోండి. మన రోడ్లు నీళ్ళు కాలువలోకి జారడానికి అంచు వైపు వాలుగా ఉంటాయి, ఎప్పుడూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలు కిందికి పడుతూ ఉంటుంది. వారంలో రెండు రోజులైనా చదునుగా ఉండే గ్రౌండ్‌కి మారండి.

బొటనవేలితో నొక్కడం. లోపల అట్టలా ఉండే ఇన్నర్ సోల్ తీసేసి, మడమ కింద భాగాన్ని, వేళ్ళ మొదటి భాగాన్ని వేలితో గట్టిగా నొక్కండి. తర్వాత పాదం వంపు కింద, అంటే బరువు పెద్దగా పడని చోట నొక్కండి. పోల్చుకోవడానికి కొత్త షూ అక్కర్లేదు, ఆ మధ్య భాగమే కొత్త షూ అనుకోండి. మడమ దగ్గర, వేళ్ళ మొదట్లో గట్టిగా చెక్కలా తగిలి మధ్యలో మాత్రం మెత్తగా దిగుతోందంటే అక్కడ ఫోమ్ చచ్చిపోయింది. కొన్ని మోడళ్ళలో మధ్యలో గట్టి ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అలాంటి వాటికి ఈ పరీక్ష కుదరదు.

పక్క ముడతలు. ఫోమ్ పక్క గోడల మీద అడ్డంగా సన్నటి ముడతలు పడతాయి. అవి ఉండటం తప్పు కాదు. కాలు తీసేశాక కూడా లోతుగా మూసుకుని ఉంటే, వేలితో విడదీస్తే తప్ప విచ్చుకోకపోతే, అప్పుడు అది అణిగిపోయినట్టు.

మెలిపెట్టడం, వంచడం. ముందు కొస ఒక చేత్తో, మడమ ఇంకో చేత్తో పట్టుకుని తడి గుడ్డ పిండినట్టు తిప్పండి, కొంత ఎదురు రావాలి. వంచితే వేళ్ళు వంగే చోట వంగాలి. సరిగ్గా నడుమ మడత పడుతోందంటే పని అయిపోయినట్టే. మొదటి నుంచీ మెత్తగా చేసిన పల్చటి షూలని ఇందులోంచి మినహాయించండి.

మడమ కప్పు. వెనక భాగాన్ని రెండు వేళ్ళతో పక్కల నుంచి నొక్కండి, గట్టిగా ఉండాలి. లోపలి గుడ్డ చిరిగి ప్లాస్టిక్ బయటపడితే బొబ్బలు ఖాయం.

చివరగా అడుగు రబ్బరు. మడమ బయటి అంచు ముందు అరగడం చాలామందికి మామూలే, కంగారు వద్దు. రబ్బరు పూర్తిగా పోయి లోపలి ఫోమ్ కనిపిస్తే మాత్రం ఆలోచించక్కర్లేదు, తీసేయండి. వానాకాలంలో పాచి పట్టిన సీసీ రోడ్డు మీద అది జారుతుంది.

తీర్పు ఇలా ఇవ్వండి: బల్ల మీద స్పష్టంగా ఒరిగినా, రబ్బరు పోయి ఫోమ్ కనిపించినా అదొక్కటే చాలు. మిగతా వాటిలో రెండు తప్పితే మార్చాలి. ఒకటే తప్పితే ఇంకో నెల చూసి మళ్ళీ పరీక్ష చేయండి.

ఒంటి మాట కూడా వినండి. దూరం పెంచలేదు, వేగం పెంచలేదు, అయినా మోకాలి కింద ముందు ఎముక, పాదం అడుగు, మోకాళ్ళు కొత్తగా పీకుతున్నాయంటే షూ మీద అనుమానపడొచ్చు. కానీ షూ మారిస్తే నొప్పి పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎముక మీద ఒకే చోట వేలు పెట్టి “ఇదిగో ఇక్కడే” అని చూపించగలిగే నొప్పి అయితే, నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే, పరుగు ఆపి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు, అలాంటిది కొత్త షూతో తగ్గదు.

3. రెండో జత కొనండి, కానీ ఒకేసారి రెండూ కాదు

మొదటి జత 250, 300 కిలోమీటర్లు వచ్చాక రెండోది కొనండి. రెండూ ఒకే రోజు మొదలుపెడితే రెండూ ఒకే నెలలో చచ్చి మళ్ళీ ఒకేసారి డబ్బులు తీయాలి. ఇలా ఎడం పెడితే ఎప్పుడూ ఒకటి సగం వయసులో, ఒకటి కొత్తగా ఉంటాయి. పైగా పాతదాని మెత్తదనం ఎంత తగ్గిందో పోల్చుకోవడానికి ఇంట్లోనే కొత్తది ఉంటుంది: ఒక కాలికి పాతది, ఇంకో కాలికి కొత్తది వేసుకుని అక్కడే నాలుగు గెంతులు గెంతండి, ఇక ఏ పరీక్షా అక్కర్లేదు.

షాపుకి సాయంత్రం వెళ్ళండి, పొద్దుటి కంటే సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి, పరుగెత్తేటప్పుడూ అంతే. మీరు వాడే సాక్సులు తీసుకెళ్ళండి. నిలబడితే పొడుగు వేలికీ షూ కొసకీ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. రెండు పాదాలూ ఒకే సైజు ఉండాలని లేదు, పెద్దదానికి సరిపోయేది తీసుకోండి. మన దగ్గర అంకెలు ఎక్కువగా యూకే సైజులో ఉంటాయి, కానీ ఒక కంపెనీ 8, ఇంకో కంపెనీ 8 ఒకటి కావు. ఆన్‌లైన్ అయితే వాపసు తీసుకునేవే కొనండి, ఇంట్లో గచ్చు మీద నడిచి చూసి నిర్ణయించుకోండి.

డబ్బా మీద ఎమ్మార్పీ స్టిక్కర్‌లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. అది చూడకుండా సగం ధర అని ఎగబడకండి. గోడౌన్‌లో ఏళ్ళ తరబడి మగ్గిన షూలో ఫోమ్ గట్టిపడొచ్చు, జిగురు వదిలేయొచ్చు. అడుగు పీయూతో (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ రకంతో) చేసినవైతే ఇంకా ప్రమాదం, పీయూ గాలిలో తేమకి విడిపోతుంది. పెళ్ళికి కొని బీరువాలో దాచిన బూట్లు మూడేళ్ళ తర్వాత వేసుకుంటే అడుగు పెచ్చులు పెచ్చులుగా రాలడం మీరు చూసే ఉంటారు, అదే ఇది. రన్నింగ్ షూలలో ఎక్కువ వాటికి ఈవీఏ రకం ఫోమ్ ఉంటుంది, దానికి ఈ జబ్బు తక్కువ, కానీ జిగురుకి తేమ ఎప్పుడూ శత్రువే. అందుకని ఆఫర్ ఉంది కదా అని నాలుగు జతలు కొని దాచకండి.

పేరున్న కంపెనీ గుర్తు వేసి 700 రూపాయలకి అమ్మే ‘ఫస్ట్ కాపీ’ షూలు పరుగుకి పనికిరావు. పైన చూడటానికి అచ్చు అదే, అడుగున ఉత్త గట్టి ముద్ద. ఖరీదైనది ఒకటి, కాపీది ఒకటి కొనే బదులు అదే డబ్బుతో మధ్యరకం అసలువి రెండు జతలు కొనండి, నేనైతే అదే చెబుతాను.

రెండూ ఒకే మోడల్ ఉండాలా? అక్కర్లేదు. లక్సెంబర్గ్‌లో 264 మంది రన్నర్లని 22 వారాలు గమనించిన ఒక అధ్యయనంలో, ఒకటి కంటే ఎక్కువ జతలు మార్చి వాడినవాళ్ళకి గాయాల ముప్పు 39 శాతం తక్కువ కనిపించింది. రకరకాల షూల వల్ల కాలి మీద బరువు ఒకే చోట పదేపదే పడకపోవడం కారణం కావచ్చని అంటారు. దాన్ని మంత్రంలా తీసుకోకండి. కానీ మడమ ఎత్తుకీ ముందు భాగం ఎత్తుకీ మధ్య తేడా మాత్రం చూడండి: ఒకటి 10 మిల్లీమీటర్లు, ఇంకోటి 4 అయితే పిక్కలు, మడమ వెనక నరం పట్టేస్తాయి. కొత్తవాళ్ళు రెండూ దగ్గర దగ్గరగా ఉండేవి తీసుకోవడం మేలు.

4. కొత్తదాన్ని మెల్లగా దింపండి

మొదట ఒకటి రెండు సార్లు నడకకి. తర్వాత 3 కిలోమీటర్ల తేలిక పరుగు. ఎక్కడైనా ఒరుసుకుంటే లేసు సడలించి చూడండి, అప్పటికీ ఒరుసుకుంటే సైజు తప్పు, వాపసు గడువు దాటకముందే తిరిగి పంపండి. బాగుంటే వారంలో ఒక పరుగు, పైవారం రెండు, ఆ తర్వాత సగం సగం. మొదటి రోజే ఆదివారం లాంగ్ రన్‌కి వేసుకెళ్తే సగం దూరంలో బొబ్బలెక్కి ఆటో వెతుక్కుంటారు.

5. వారాన్ని పంచుకోండి

సూత్రం ఒక్కటే: నిన్న వేసినది ఈరోజు వేయొద్దు. ఫోమ్ మళ్ళీ పైకి లేవడానికి 24 గంటలు కావాలి, 48 కావాలి అని రకరకాలుగా చెబుతారు, ఆ లెక్కల మీద నాకంత నమ్మకం లేదు. ఆరడానికి మాత్రం మన ఉక్కలో ఒక పూర్తి రోజు తప్పకుండా కావాలి.

వారానికి నాలుగు పరుగులైతే కొత్త జత లాంగ్ రన్‌కీ తారు రోడ్డుకీ, పాత జత తేలిక పరుగులకీ గట్టుకీ. ఆరు రోజులు పరుగెత్తేవాళ్ళు సోమ, బుధ, శుక్రవారాలు ఒకటి, మిగతావి ఒకటి అనుకోండి, గుర్తుపెట్టుకోవడం తేలిక.

కాలాన్ని బట్టి దీన్ని మార్చుకోవాలి. ఎండాకాలంలో కాలువలు కట్టేశాక గట్లు ఎండి గట్టిగా ఉంటాయి, ఏ జతైనా సరే. జూన్‌లో నీళ్ళు వదిలి, వానలు మొదలయ్యాక గట్టు బంకమట్టి అడుగుకి పట్టి ఒక్కో షూ అరకిలో బరువెక్కుతుంది, అప్పుడు పాతదే వేయండి, లేదా గట్టు మానేసి రోడ్డెక్కండి. ఆ మట్టిలో జారి కాలువలో పడటం కంటే సీసీ రోడ్డు వెయ్యి రెట్లు నయం. సార్వా కోతలయ్యాక నవంబర్, డిసెంబర్‌లో, దాళ్వా అయ్యాక ఏప్రిల్, మే నెలల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. వడ్ల మీద అడుగేస్తే జారతారు, నూగు గుడ్డలోకి దిగి సాక్సులో గుచ్చుకుంటుంది, రైతు తిడతాడు, తిట్టాలి కూడా.

కాకినాడ, అంతర్వేది, ఓడలరేవు ఇసుకలో పరుగెత్తేవాళ్ళకి ఒక మాట: కొత్త జత అక్కడికి తీసుకెళ్ళకండి. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, గుడ్డ బిగుసుకుపోతుంది. వెళ్ళారా, ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడగాలి. రొయ్యల చెరువుల నీళ్ళలో తడిసినా ఇంతే.

6. తడిసిన షూ ఆరబెట్టడం

అసలు తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి కాబట్టి నిదానంగా చదవండి.

ఇంటికి రాగానే, స్నానానికి వెళ్ళే ముందే, లేసులు బాగా సడలించి నాలుక ముందుకి లాగి ఇన్నర్ సోల్ బయటికి తీయండి. ఆ అట్ట లోపల ఉంటే దాని కింద తడి రెండు రోజులైనా పోదు. దాన్ని విడిగా గోడకి ఆనించండి.

బురద ఉంటే తడిగా ఉన్నప్పుడు రుద్దకండి, బంకమట్టి గుడ్డ రంధ్రాల్లోకి ఇంకా దూరుతుంది. అడుగుది కొంచెం ఆరనిచ్చి రెండు షూలూ ఒకదానికొకటి కొడితే పెళ్ళలుగా రాలుతుంది. మిగిలింది బ్రష్‌తో. గుడ్డకి పట్టింది చల్లటి నీళ్ళు, రెండు చుక్కల షాంపూతో. చాకుతో గీకితే ఫోమ్ చీలుతుంది.

తర్వాత పేపర్ ఉండలు చుట్టి కొస దాకా కూరండి. గంట, గంటన్నరకి తీసి చూడండి, తడిసి మెత్తబడి ఉంటుంది, పారేసి కొత్తవి కూరండి. చాలామంది ఒకసారి కూరి తెల్లారేదాకా వదిలేస్తారు, అలా చేస్తే పీల్చిన తడి పేపర్‌లోనే ఉండి లోపల కంపు మొదలవుతుంది. రెండు మూడు సార్లు మార్చాక పేపర్లు తీసేసి, నోరు ఫ్యాను వైపు ఉండేలా పక్కకి వాల్చి పెట్టండి. కరెంటు పోయిందా, గాలి ఆడే వసారాలో నీడన.

ఎండలో వద్దు, ముఖ్యంగా రోహిణి కార్తె ఎండలో డాబా మీద వద్దే వద్దు. వేడికి జిగురు వదులుతుంది, ఫోమ్ ముడుచుకుంటుంది. పొయ్యి పక్కన, ఫ్రిజ్ వెనక, హెయిర్ డ్రయ్యర్, ఇవన్నీ అదే కోవ. స్కూటర్ డిక్కీలో మర్చిపోవడం కూడా.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? చెయ్యి పెట్టి చూస్తే పైపైన పొడిగానే ఉంటుంది, నమ్మకండి. పొడి టిష్యూ ముక్క కొస దాకా తోసి వేళ్ళతో అర నిమిషం నొక్కి తీయండి, మెత్తగా చల్లగా వస్తే ఇంకా తడే. కాటా ఉన్నవాళ్ళకి ఇంకా సులువు: బాగా పొడిగా ఉన్న రోజు ఒక్కో షూ తూచి క్యాలెండర్ మీద రాసుకోండి. ఆ అంకెకి తిరిగి వచ్చిందంటే ఆరినట్టు, 15, 20 గ్రాములు ఎక్కువుంటే లోపల నీళ్ళున్నట్టు.

జాగ్రత్త: వసారాలో పెట్టిన షూ దులపకుండా కాలు పెట్టకండి. జెర్రులు, తేళ్ళు, వరదల రోజుల్లో పాము పిల్లలు కూడా దూరతాయి. తలకిందులు చేసి నేలకి రెండుసార్లు కొట్టి, లైటు వేసి చూసి తొడగండి. తెల్లవారుజామున నాలుగున్నరకి నిద్రమత్తులో లేచేవాళ్ళకి మరీ చెబుతున్నా.

7. పాత జత తీసేయడం

పరీక్షలో తప్పిన జతని “వాన రోజుకి ఉంటుందిలే” అని అదే అరలో పెడితే మళ్ళీ అదే తొడుగుతారు. మార్కర్‌తో మడమ మీద పెద్ద గుణకారం గుర్తు వేయండి, యాప్‌లో ఆ షూని రిటైర్ చేయండి. నడకకి, చేలోకి వెళ్ళడానికి, బండి కడగడానికి భేషుగ్గా పనికొస్తుంది, మడమ మరీ ఒరగకపోతే. గుడ్డ బాగుంటే ఉతికి ఎవరికైనా ఇవ్వొచ్చు, కానీ పరుగు ప్రాక్టీస్ చేసే కుర్రాడికి మాత్రం ఇవ్వకండి, మీ మోకాలికి పనికిరానిది అతని మోకాలికి ఎలా పనికొస్తుంది? ఎవరికీ అక్కర్లేకపోతే చెత్త బండికి వేయండి, కాలువలో కాదు, లాకుల దగ్గర పేరుకున్నది ఇప్పటికే చాలు.

ఎక్కువగా చేసే తప్పులు

కొత్త ఇన్నర్ సోల్ వేస్తే పాత షూ బాగుపడుతుందనుకోవడం. కాలికి మెత్తగా తగులుతుంది, అందుకే మోసపోతాం. కింద చచ్చిన ఫోమ్ చచ్చినట్టే ఉంటుంది.

అడుగు ఊడితే చుట్టూ దారంతో కుట్టించడం. వాడకంలో మంచి వయసున్న షూ కొస దగ్గర కొంచెం విచ్చుకుంటే జిగురు పెట్టించండి, పర్లేదు. చుట్టూ కుట్టు వేస్తే ఫోమ్‌కి కన్నాలు పడి నీళ్ళు లోపలికి దిగుతాయి, అడుగు సరిగా వంగదు.

వాషింగ్ మెషీన్. చల్లటి నీళ్ళే కదా అని కొందరు వేస్తారు, షూ ఒక్కోసారి బతికి బయటపడుతుంది కూడా, కానీ డ్రయ్యర్ తిప్పితే ఇక అంతే సంగతులు.

రన్నింగ్ షూతో షటిల్, వాలీబాల్, క్రికెట్. ఈ షూ ముందుకి వెళ్ళడానికి చేసింది, పక్కలకి ఆడితే గుడ్డ చిరుగుతుంది, చీలమండ మడత పడుతుంది.

తడి షూని పాలిథిన్ కవర్‌లో కట్టి బ్యాగులో పడేయడం. గ్రౌండ్ నుంచి నేరుగా ఆఫీసుకో కోచింగ్‌కో వెళ్ళేవాళ్ళు చేసేది ఇదే. గుడ్డ సంచి పెట్టుకోండి.

పని చేస్తోందా లేదా

నెలకోసారి, ఒకటో తారీఖు అనుకోండి, బల్ల మీద ఫొటో తీసి పాత ఫొటో పక్కన పెట్టి చూడండి. రెండు జతల కిలోమీటర్లూ రాసి ఉన్నాయో లేదో చూడండి. పొద్దున తొడిగేటప్పుడు వాసన వస్తోందంటే ఆరడం సరిపోవట్లేదు, అంటే పేపర్ మార్చట్లేదు లేదా వరసగా అదే వేస్తున్నారు. రెండు జతలున్నా వానాకాలంలో ఆరట్లేదంటే పరీక్షలో ఇంకా తప్పని పాత జత ఉంటే దాన్ని మూడో జతగా కొన్ని వారాలు వాడండి, తక్కువ దూరాలకి మాత్రమే.

సెలక్షన్లు దగ్గర పడినవాళ్ళు ఒకటి అడుగుతూ ఉంటారు, ఈవెంట్ రోజుకి కొత్త షూ కొనమంటారా అని. మూడు వారాల ముందైతే కొనండి, నాలుగో అంచెలో చెప్పినట్టు దింపి, 1600 మీటర్లు పూర్తి వేగంతో కనీసం రెండుసార్లు అందులో పరుగెత్తి చూడండి. వారమే ఉందంటే వద్దు, ఉన్న రెండింటిలో కాలికి అలవాటైనదే వేసుకోండి. ముందు రోజు రాత్రి ఇన్నర్ సోల్ సరిగా కూర్చుందో లేదో చూసి, లేసులు నలిగి తెగేలా ఉంటే ఇరవై రూపాయలు పెట్టి మార్చి, రెండు ముళ్ళు వేసి మిగిలిన కొసలు లోపలికి దోపండి.